దిష్టిబొమ్మ లోపలి వెలుగు

తూంకుంట,
ఆదివారం మధ్యాహ్నం.

సోపతీ,

మొన్న నువ్వడిగిన దానికి జవాబు చెప్పేలోపే నీ మనవడు ఫోను గుంజుకున్నాడు. "రిటైరయ్యాక ఇంటి పట్టున ఉండక, పాలల్లో సిరా కలుపుకుంటూ కూచున్నావటేమే?" అన్నావు. ఎవరు చెప్పారో గానీ సరిగ్గానే చెప్పారు. ఫోనులో తేలే ముచ్చట కాదని ఈ ఉత్తరం. నీకూ డాలస్‌లో మధ్యాహ్నాలు పొడుగ్గా ఉంటాయన్నావు కదా, తీరిగ్గా చదువుకో.

నువ్వు చూసిన తూంకుంట కాదిది. రాజీవ్ రహదారి మీద అల్వాల్ దాటి శామీర్‌పేట దాకా ఖాళీ జాగా అన్నది కళ్లబడదు. హకీంపేట విమానాలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి నెత్తి మీద పోతుంటే క్లాసులో నువ్వు పద్యం ఆపేదానివి, నేను సూత్రం ఆపేదాన్ని, గుర్తుందా? ఇప్పుడు మీటింగుల్లో ఆపుతున్నాను. ఇటు బిట్స్ పిలానీ క్యాంపస్, అటు తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ. ఈ చుట్టుపక్కలే ఒక చిన్న షెడ్డులో ఆపరేషన్ థియేటర్లకు కెమెరాలు తయారుచేస్తారు. వారానికి నాలుగు రోజులు అక్కడికి పోతున్నాను. కుర్రాళ్లు కెమెరా చేస్తారు. దాన్ని పరీక్షించడానికి మనిషి కండ లాంటిది వండిపెట్టడం నా పని. వండటమే, వేరే మాట లేదు.

మొదట పేరు సంగతి. నువ్వు తెలుగు మేష్టారమ్మవు, పేరు చెప్పందే ముందుకు పోనివ్వవు. మన తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఫ్లోరసెన్స్‌కు ప్రతిదీప్తి అని ఉంటుంది. మంచి మాటే. ఒక రంగు వెలుగు పడితే దాన్ని మింగి, మరో రంగు వెలుగును తిరిగి ఇవ్వడం. ఇచ్చేటప్పుడు కొంచెం తన దగ్గర ఉంచుకుంటుంది, అందుకే తిరిగొచ్చే వెలుగు మామూలుగా కాస్త ఎరుపు వైపు జరిగి ఉంటుంది. అప్పు తీసుకుని కొంత కోత పెట్టి తీర్చినట్టు. 1852లో స్టోక్స్ ఈ సంగతి పట్టుకుని ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు, మలేరియాకు వాడే క్వినైన్ ద్రావణం నీలంగా మెరవడం చూసి. మనకు అంత దూరం అక్కర్లేదు. నోట్లు దొంగవా మంచివా చూసే ఊదారంగు టార్చి ఉంటుందే, అది తీసుకుని చీకట్లో నూనెలో కలిపిన చిటికెడు పసుపు మీద వెయ్యి. పచ్చగా మండిపోతుంది. అదే పసుపు ఉత్త నీళ్లలో కలిపితే అంత వెలగదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకో: అదే పసుపు, చుట్టూ ఉన్నది మారితే వెలుగు మారిపోయింది. నా ఉత్తరమంతా దీని గురించే.

ఆపరేషన్లో జరిగేదేమిటంటే, రోగి నరంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందు ఎక్కిస్తారు. 1959 నుంచీ వైద్యంలో ఉన్నదే. దాని మీద 800 నానోమీటర్ల దగ్గరి కాంతి వేస్తే 830 దగ్గర తిరిగి ఇస్తుంది. రెండూ మన కంటికి ఆనవు, కెమెరాకు ఆనుతాయి. తెర మీద రక్తం అందుతున్న పేగు వెలుగుతుంది, అందనిది నల్లగా ఉంటుంది. పిత్తనాళం ఎటు పోతోందో కోయకముందే కనబడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, తెర మీద ఒకచోట ఎక్కువ వెలుగు, ఒకచోట తక్కువ వెలుగు కనబడగానే డాక్టరుకైనా, నాకైనా, నీకైనా ఒకటే తోస్తుంది: అక్కడ మందు ఎక్కువ ఉంది, ఇక్కడ తక్కువ ఉంది అని. అది నిజం కాకపోవచ్చు.

నాలుగేళ్ల కింద నా కంటికి పరీక్ష చేశారు చూడు, షుగరు వల్ల రెటీనా చెడిందేమో అని. చేతి నరంలో ఫ్లోరసీన్ ఎక్కించారు. పది పదిహేను సెకన్లలో కంటి వెనకకు చేరింది, ఫోటోలు తీశారు, రక్తనాళాలు కొమ్మలూ రెమ్మలతో సహా. మర్నాటి దాకా ఒళ్లు పసుపు, మూత్రం పసుపు, మా ఆయనకు నవ్వు. కంటికి ఇది సాగింది, ఎందుకంటే కన్ను ముందువైపు గాజులాంటిది. వెలుగు తిన్నగా పోయి తిన్నగా వస్తుంది. ఒంట్లో ఇంకెక్కడా ఆ వసతి లేదు.

రాత్రి పూట ఫోను టార్చిని అరచేతికి ఆనించి చూడు. చెయ్యంతా ఎర్రగా దీపం చిమ్నీలా వెలుగుతుంది, లోపలి ఎముక మాత్రం కనబడదు. ఎముక ఎందుకు కనబడలేదంటే, వెలుగు లోపల చెదిరిపోయింది కాబట్టి. ఎర్రగా ఎందుకుందంటే, నీలాన్నీ పచ్చనూ రక్తం తాగేసింది కాబట్టి. కండలో ఒక మిల్లీమీటరు పోయేసరికి వెలుగు తను ఎటునుంచి వచ్చిందో మరిచిపోతుంది. మన శామీర్‌పేట చెరువుకు తొలకరి నీళ్లు వచ్చినప్పటి సంగతి అనుకో. కట్ట మైసమ్మ దగ్గర నిలబడి టార్చి వేస్తే వెలుగు నీళ్లలో ముద్దగా పరుచుకుంటుందే తప్ప అడుగు కనబడదు. ఆ బురదలో ఎక్కడో ఒక మిణుగురు ఉంది, అది ఎంత గట్టిగా వెలుగుతోందో ఒడ్డున నిలబడి చెప్పమంటే ఎలా చెబుతావు? నీళ్లలో బురద ఎంతో, మిణుగురు ఎంత లోతులో ఉందో ముందు తెలియాలి.

రోగి ఒంట్లో ఆ రెండూ తెలియవు. అందుకే అన్నీ తెలిసిన ఒక దొంగ కండ కావాలి. దాన్ని వాళ్ల భాషలో ఫాంటమ్ అంటారు. అంటే దయ్యం. మా షెడ్డులో ఊడ్చే ఆమె "అమ్మా, దయ్యాలను ఫ్రిజ్‌లో పెట్టారా?" అని అడిగింది. నేను దిష్టిబొమ్మ అంటాను. కొత్తింటికి కట్టే బొమ్మ ఇంటికి తగలాల్సిన దిష్టిని తను తీసుకుంటుంది కదా. ఇది రోగికి తగలాల్సిన పొరపాట్లను తను తీసుకుంటుంది.

వంటకం చెబుతాను. గడ్డ కట్టడానికి అగర్, మనం చైనా గడ్డి అనేదే. వెలుగును చెదరగొట్టడానికి ఇంట్రాలిపిడ్, అంటే తిండి తినలేని రోగులకు నరంలోకి ఎక్కించే కొవ్వు పాలు. సోయా నూనె, గుడ్డు సొనలోంచి తీసిన కొవ్వు, గ్లిసరిన్, నీళ్లు. 1960ల మొదట్లో స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లిండ్ రోగుల ఆకలి తీర్చడానికి చేసింది, వెలుగు కొలిచేవాళ్లకు వరమైంది. వెలుగును మింగడానికి నల్ల సిరా, ఇండియన్ ఇంక్. అదే సిరాను ఫ్రెంచివాళ్లు చైనా సిరా అంటారట. మొత్తానికి చైనా గడ్డిలో ఇండియన్ సిరా. చివర్న రంగుమందు, కొలిచి.

నూరు మిల్లీలీటర్ల బొమ్మకు 20 శాతం ఇంట్రాలిపిడ్ ఐదు మిల్లీలీటర్లు వేస్తే మొత్తంలో కొవ్వు ఒక శాతమవుతుంది, చెదరడం ఇంచుమించు మన మెత్తటి కండలంత అవుతుంది. అగర్ బాగా మరగాలి, లేకపోతే పలుకులు మిగులుతాయి. చల్లారేదాకా ఆగాలి గానీ మరీ ఆగకూడదు, 40 డిగ్రీల దరిదాపుల్లో గడ్డ కడుతుంది. ఆ సందులో కొవ్వు, సిరా, రంగు పోసి, బుడగ రాకుండా కలపాలి. ఒక్క బుడగ ఉంటే అక్కడ కెమెరాకు చుక్క కనబడుతుంది, కుర్రాళ్లు దాన్ని గడ్డ అనుకుంటారు. సిరా సీసాను ముందు బాగా ఊపాలి, లేకపోతే నిన్నటి చుక్కా ఇవాళ్టి చుక్కా ఒకటి కావు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. జున్ను వండిన చేతికి వచ్చేస్తాయి. ఇంజినీరింగు చదివిన పిల్లలకు ఓపిక లేక నన్ను పెట్టుకున్నారు గానీ, నా ఎమ్మెస్సీ చూసి కాదు.

మొదట్లో అగర్ బదులు జెలటిన్ వాడాను, అందంగా వస్తుంది, కండలాగే మెత్తగా ఊగుతుంది. మే నెల. మధ్యాహ్నం కరెంటు పోయింది. టీ తాగి వచ్చేసరికి బల్ల మీద కాలేయం బొమ్మ కారిపోయి నేల మీద మడుగు కట్టింది. ముప్పై డిగ్రీలు దాటితే జెలటిన్ నిలవదని చదువుకున్నదాన్నే. మే నెల తూంకుంటలో ముప్పై డిగ్రీలంటే తెల్లవారుజాము సంగతి!

రెండో తప్పు ఇంకా మంచిది. ఇంట్రాలిపిడ్ ఖరీదు. సెలవు రోజున ఇంట్లో ఆడుకోవడానికి ప్యాకెట్ పాలు చాలులే అనుకున్నాను. రంగుమందు బదులు బీ కాంప్లెక్స్ మాత్ర. అందులో బీ2, అంటే రైబోఫ్లేవిన్ ఉంటుంది, నోట్ల టార్చికి పసుపు కలిసిన పచ్చ రంగులో మెరుస్తుంది. రెండు గిన్నెలు చేశాను, ఒకదాంట్లో మాత్ర, ఒకదాంట్లో ఏమీ లేదు. టార్చి వేశాను. ఏమీ వేయని గిన్నె కూడా వెలిగింది! చాలాసేపు తల గోక్కున్నాను. చెంచా మార్చాను, గిన్నె కడిగాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, పాలల్లోనే బీ2 ఉంది కదా. పాలు విరిగినప్పుడు మీద తేలే నీళ్లు లేత పసుపుపచ్చగా ఉంటాయి చూడు, ఆ రంగు దానిదే. లీటరుకు రెండు మిల్లీగ్రాములు కూడా ఉండదు. అయినా వెలుగు దాచుకోలేకపోయింది.

అప్పటినుంచి ఏ రోజు పనైనా ఖాళీ బొమ్మతోనే మొదలుపెడతాను. ఒట్టి కండ కూడా వెలుగుతుందే. కణాల్లోని ఎన్ఏడీహెచ్ నీలంగా, చర్మం కింది కొల్లాజెన్ నీలంగా, ఎవరి ఒళ్లు వాళ్లది. ఆ వెలుగును ముందు తీసేయకుండా రంగుమందు ఎంతో చెప్పడం, డబ్బాతో సహా నెయ్యి తూచడమే.

ఇక్కడ ఒక పక్కదారి, తిట్టకు. 1923లో సీవీ రామన్ దగ్గర పనిచేసిన కేఆర్ రామనాథన్, ద్రవాల్లో సూర్యకాంతి చెదరడం చూస్తుంటే రాకూడని రంగులో ఒక మసక వెలుగు కనబడింది. ద్రవంలో మలినం ఉంది, అది మెరుస్తోంది, బలహీనమైన ఫ్లోరసెన్స్ అనుకున్నారు. శుద్ధి చేశారు. మళ్లీ చేశారు. ఆ వెలుగు పోలేదు. చివరికి 1928లో తేలింది అది మలినం కాదు, ద్రవం మాటేనని. నోబెల్ బహుమతి ఆ మలినానికే వచ్చింది. మన విశాఖలో బడి చదువు చదువుకున్న రామన్‌కు. నాకు మాత్రం గిన్నెలో నిజంగానే పాలల్లోని బీ2 కంటే గొప్పదేదీ దొరకలేదు.

ఇక అసలు సంగతి. మూడు గిన్నెలు పెట్టాను. మూడింట్లోనూ రంగుమందు సమానం, పిప్పెట్‌తో కొలిచి పోసిందే. ఒకటి నీళ్లు, ఒకటి కొవ్వు పాలు కలిపింది, ఒకటి కొవ్వు పాలతో పాటు సిరా వేసింది. పైనుంచి వెలుగు వేసి పైనుంచే కొలిస్తే, తెల్లటి గిన్నె నీళ్ల గిన్నె కంటే ఎక్కువ చూపించింది. చెదిరిన వెలుగు లోతుకు పోకుండా పైపొరలోనే అటూ ఇటూ తిరిగి ఎక్కువ రంగును తాకింది, తిరిగి మన వైపే వచ్చింది. సిరా గిన్నె బాగా తగ్గి చూపించింది, పోయే వెలుగునూ వచ్చే వెలుగునూ రెంటినీ సిరా తాగేసింది. ఒకే మందు, మూడు జవాబులు. ఒక కుర్రవాడు కెమెరా పాడైందన్నాడు. కెమెరా నిజమే చెబుతోంది నాయనా, మనమే తప్పు ప్రశ్న అడిగాం అన్నాను.

అంతటితో ఆగక రంగుమందు రెట్టింపు చేస్తూ పోయాము. మొదట వెలుగు పెరిగింది. తర్వాత నిలబడిపోయింది. ఆ పైన, నమ్ముతావో లేదో, తగ్గింది. రంగు అణువులు మరీ దగ్గర చేరితే ఒకదాని వెలుగును ఇంకొకటి మింగేస్తుంది. అంటే తెర మీద ఒకే మెరుపుకు రెండు అర్థాలు: మందు కొంచెమైనా ఉండొచ్చు, మరీ ఎక్కువైనా ఉండొచ్చు.

తెలివైనవాళ్లు ఏం చేశారో తెలుసా? అసలు మెరుపును కొలవడమే మానేశారు. కరోనా రోజుల్లో మనందరికీ నోటికొచ్చిన సీటీ వాల్యూ ఏమిటనుకున్నావు? హబ్సిగూడ సీసీఎంబీలో అయినా, గల్లీ ల్యాబులో అయినా ఆ ఆర్‌టీపీసీఆర్ యంత్రం చేసేది ఫ్లోరసెన్స్ చూడటమే. కానీ ఎంత వెలిగిందని అది చెప్పదు. వైరస్ జన్యుపదార్థాన్ని రెట్టింపు చేస్తూ, ఎన్నోసారికి వెలుగు గీత దాటిందో లెక్కపెడుతుంది. వెలుగును లెక్కగా మార్చేశారు.

ఇంకో ఉపాయం మన భీమవరం బిడ్డతో ముడిపడింది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని బాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. అది లోకానికి తెలిసిన 1948లోనే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఈ మందులు కొత్తగా పెరిగే ఎముకలో కాల్షియాన్ని పట్టుకుని ఉండిపోతాయి. ఊదా కాంతిలో పసుపుపచ్చగా వెలుగుతాయి. డాక్టర్లు మందు ఒకసారి ఇచ్చి, కొన్ని రోజులు ఆగి మళ్లీ ఇచ్చి, ఎముక ముక్క తీసి చూస్తారు. రెండు వెలుగు గీతలు కనబడతాయి. వాటి మధ్య దూరం కొలిస్తే, ఆ రోజుల్లో ఎముక ఎంత పెరిగిందో తెలిసిపోతుంది. గీత మసకగా ఉన్నా ఫరవాలేదు, దూరం మారదు కదా. మా గోడకు పిల్లల ఎత్తు గీతలు గీసేవాళ్లం చూడు, అచ్చం అదే.

కండలో మాకు ఆ అదృష్టం లేదు. అక్కడ మెరుపునే నమ్ముకోవాలి. అందుకని ఉపాయం ఏమిటంటే, అదే చోట రెండు కొలతలు తీసుకోవడం. రంగుమందు ఇచ్చిన వెలుగు ఒకటి. మేము పంపిన వెలుగులో చెదిరి వెనక్కి వచ్చింది ఇంకొకటి. సిరా ఎక్కువైతే రెండూ తగ్గుతాయి. కాబట్టి మొదటిదాన్ని రెండోదానితో తగిన విధంగా భాగిస్తే సిరా ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ 'తగిన విధంగా' అన్న చోటే దిష్టిబొమ్మలు కావాలి. కొవ్వు ఎంతో, సిరా ఎంతో, మందు ఎంతో తెలిసిన పాతిక ముప్పై బొమ్మల మీద కొలిచి, ఏ భాగహారం సరైన జవాబిస్తుందో చూస్తాం. మా కుర్రాళ్లు కంప్యూటరులోనూ చేస్తారు. లక్షల వెలుగు రేణువులను ఊహించుకుని, అడుగడుగునా పచ్చీసు గవ్వలు వేసినట్టు ఎటు తిరగాలో, ఆగిపోవాలో అదృష్టానికి వదిలేస్తారు. మాంటే కార్లో పద్ధతి అని జూదం ఊరి పేరే పెట్టారు. ఆ గవ్వలాట నా గిన్నెతో సరిపోలిన రోజు నాకు జీతం పెరిగినంత సంబరం.

సిరా దగ్గరే నాకు వాళ్లతో పేచీ వచ్చింది. బయటినుంచి కొన్న రెడీమేడ్ బొమ్మలు లేత గులాబీ రంగులో ఉన్నాయి. సిలికోన్‌తో చేసినవి, ఏళ్ల తరబడి చెడవు, నా అగర్‌లాగా నీళ్లు ఆరి కుంచించుకుపోవు, బూజు పట్టవు. అంతా మెచ్చుకున్నారు. నేను నా చెయ్యి పక్కన పెట్టి చూపించాను. ఈ చెయ్యి ఎక్కడైనా ఆ రంగులో ఉందా? 2020 చివర్లో అమెరికా డాక్టర్లు ఒక లెక్క తీశారు. వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు ఆక్సిజన్ బాగానే ఉందని చెప్పినా నిజానికి పడిపోయిన సందర్భాలు, తెల్లవాళ్ల కంటే నల్లవాళ్లలో మూడు రెట్లకు దగ్గరగా ఉన్నాయి. ఆ యంత్రం కొలిచేదీ కండలోంచి వచ్చిన వెలుగే. మా వీధిలో ఇంటికొకటి కొన్నాం కరోనా రోజుల్లో, అంకె చూసి ఊపిరి పీల్చుకున్నాం.

ఎక్కువ సిరా కలిపితే సరిపోతుందన్నాడు కుర్రవాడు. సరిపోదు. మన రంగు ఒళ్లంతా కలిసి ఉండదు, పైన మిల్లీమీటరులో పదోవంతు పొరలో ఉంటుంది. కింద అందరిదీ ఒకే కండ. కాబట్టి తెల్ల బొమ్మ మీద పలచటి నల్ల పొర వెయ్యాలి, లేతది, చామనఛాయది, నల్లటిది. అంత పలచటి అగర్ పొర చిరగకుండా తియ్యడం నాకింకా చేతకాలేదు. మొన్న గాజు పలకల మధ్య పోసి చూశాను, దోసె పెనానికి అంటినట్టు అంటుకుపోయింది. నూనె రాస్తే నూనె కూడా వెలుగుతుందేమోనని భయం. నీకేమైనా తోస్తే చెప్పు. రుమాలీ రొట్టె చేసేవాళ్లను అడగాలని కూడా అనుకున్నాను, నవ్వకు.

సరే, మబ్బు కమ్ముకుంది, బట్టలు తియ్యాలి. నీ మనవడికి పసుపు నూనె, టార్చి చూపించు, ఫోను మరిచిపోతాడు. పాలకూర ఆకులు స్పిరిటులో నలిపి అదే టార్చి వేస్తే ఎర్రగా వెలుగుతుంది, పచ్చటి ఆకులోంచి ఎరుపు. అదీ చూపించు, మీ కోడలికి చెప్పి.

ఇంట్లో చేసిన బొమ్మలు ఆరు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే ఉన్నాయి, ఏ మందూ వేయనిది ముందు వరసలో. ఇవాళ పొద్దున మా ఆయన చెంచా, బెల్లం పొడి పట్టుకుని నిలబడ్డాడు, జున్ను ఎక్కడినుంచి వచ్చిందే అంటూ. ఇప్పుడు ఆరింటి మీదా ఎర్ర ఇంకుతో 'తినరాదు' అని రాసి అంటించాను.

నీ
తూంకుంట సోపతి